అమావాస్య నాడు దొరికిన సీటు

నేను పదకొండో తరగతిలోనే కాలేజీలో అడుగుపెట్టాను. పెట్టింది అమావాస్య నాడు. మొదటి తప్పును మా ఇంట్లో తొందరగానే క్షమించారు. రెండో దాన్ని రెండేళ్ళ పాటు ఎవరూ మరిచిపోలేదు, నన్నూ మరిచిపోనివ్వలేదు.

ముందు ఆ కాలేజీ సంగతి చెప్పాలి. అది తమిళనాడులోని విరుదునగర్‌లో ఉంది. దాని ఆవరణలోనే దానికొక బడి కూడా ఉంది. పదో తరగతి పాసైన పిల్లల్లో కొందరికి పరీక్ష పెట్టి ఏరుకుని, ప్లస్ వన్, ప్లస్ టూ, అంటే పదకొండు, పన్నెండు తరగతులు, అక్కడే చదివిస్తారు. దాంతోపాటే గోడ అవతల డిగ్రీ మొదటి సంవత్సరం పాఠాలకు కాలేజీ వాళ్ళ పక్కన కూర్చోబెడతారు. వాళ్ళు రాసే పరీక్షే మా చేతా రాయిస్తారు. రెండేళ్ళు గట్టెక్కితే ప్లస్ టూ చేతికొస్తుంది, డిగ్రీలో ఒక ఏడాది కూడా అయిపోయి ఉంటుంది. ఒకే దెబ్బకు రెండు పిట్టలని పెద్దవాళ్ళు మురిసిపోతారు. వాళ్ళకేం, రాయి విసరాల్సింది మేము.

మా ఊరు కోవిల్‌పట్టి అవతల, నల్లరేగడి మీద. వాన పడితే పంట, పడకపోతే ఆకాశం కేసి చూడడం. మొక్కజొన్న, మినుములు, కాస్త పత్తి. మా తాతల తాతలు ఎప్పుడో తెలుగు సీమ నుంచి వచ్చి ఈ మట్టిలో పాతుకుపోయారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాట్లాడడమే గాని మా ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు లేరు. ఈ అక్షరాలు నేను తరువాత పంతం పట్టి నేర్చుకున్నవి. పంతం మా ఇంటి సొత్తు, ఎవరి దగ్గరా అడిగి తెచ్చుకోనక్కర్లేదు.

అన్నిట్లోనూ చుట్టుపక్కల వాళ్ళతో కలిసిపోయిన మా ఇల్లు ఒక్క అమావాస్య దగ్గర మాత్రం కలవలేదు. తమిళులకు అది నిండు రోజు. అంగడి తెరిచినా, బండి కొన్నా, పిల్లను బడిలో చేర్చినా అమావాస్య కోసం కాచుకుని ఉంటారు. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఆ రోజు విత్తనం ముట్టదు, కొత్త గుడ్డ కట్టదు, ఊరికి బయలుదేరదు. మా ఊళ్ళోనే చాలా తెలుగు ఇళ్ళు ఎప్పుడో మారిపోయాయి. అవ్వ మారలేదు. నాయనకు మారాలని ఉందో లేదో నాకు తెలియదు గాని, అవ్వ బతికుండగా ఆ మాట ఎత్తే ధైర్యం ఆయనకు లేదు.

సీటు వచ్చిందని సోమవారం సాయంత్రం ఫోనుకు కబురొచ్చింది. గురువారం లోపల వచ్చి చేరాలి. ఎగిరి గంతేసి ఇంట్లో చెప్పాను. అవ్వ వేళ్ళు మడుస్తూ కూర్చుంది. మంగళవారం, పనికిరాదు. బుధవారం చతుర్దశి, పనికిరాదు. గురువారం అమావాస్య, ఆ మాటే ఎత్తకూడదు. శుక్రవారం పాడ్యమి, అదీ కాదు. శనివారం విదియ, దివ్యమైన రోజు, శనివారం పోదాము అంది. శనివారానికి సీటు ఉండదని నేను మొత్తుకున్నాను. ఒక మాట చెప్పి పెడితే ఉంచుతారంది అవ్వ. నాయన నిజంగానే కాలేజీ ఆఫీసుకు ఫోను చేసి, శనివారం వస్తాము సార్, మా పాప సీటు కొంచెం పక్కన పెట్టండి అని అడిగాడు. ఎరువుల అంగట్లో యూరియా మూట పక్కన పెట్టమన్నట్టే ఉంది. అవతలి మనిషి ఏమన్నాడో గాని, నాయన ఫోను వైపు కాసేపు చూసి జేబులో పెట్టుకున్నాడు.

గురువారం పొద్దున నేను స్నానం చేసి, సర్టిఫికెట్లు సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాను. అమ్మ మాత్రం ఏ దినమైతే ఏమి, అన్నం తిని పొమ్మంది. అవ్వ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"మనము తమిళోళ్ళము కాము పాపా," అంది. "అమాసనాడు మనోళ్ళు ఇత్తనమే ముట్టరు. నువ్వు సదువు మొదులుపెడతానంటుండావు."

నేను ఆమె పక్కనున్న సందులోంచి ఒళ్ళు ఒంచి బయటికి దూరాను. అవ్వను దాటలేదు, పక్కనుంచే పోయాను, అది మాత్రం గుర్తుంచుకోండి. ఊరి ముందుకు వచ్చేసరికి వెనక నాయన బండి చప్పుడు. తిడతాడనుకున్నాను. బండి ఆపి, ఎక్కు అన్నట్టు తలాడించాడు. కోవిల్‌పట్టి బస్టాండులో బండి పెట్టి నాతోపాటే విరుదునగర్ బస్సు ఎక్కాడు.

కాలేజీ గేటు దగ్గర ఆగిపోయాడు. లోపల తిరునాళ్ళలా ఉంది. విభూతి పెట్టుకున్న తండ్రులు, తలనిండా మల్లెపూలతో తల్లులు, అమావాస్య కోసమే ఆఖరి రోజు దాకా ఆగినవాళ్ళు. తండ్రో తల్లో సంతకం పెట్టాలన్నారు ఆఫీసులో. నేను కాగితం తీసుకుని గేటు బయటికి పరిగెత్తాను. నాయన ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"సంతకము పెడతాను. లోపలికి రాను," అన్నాడు. "నేను గేటు తొక్కలేదు. అమాసనాడు నేను నిన్ను చేర్చలేదు, తెలిసిందా?"

టీ అంగడాయన గ్లాసు అందిస్తూ, నిండు అమావాస్య నాడు వచ్చారు, మీ పాపకు అన్నీ మంచివే జరుగుతాయి అని తమిళంలో దీవించాడు. నాయన టీ ఊదుకుంటూ తాగాడు. నేను సంతకం పట్టుకుని మళ్ళీ పరిగెత్తాను. అలా నా చదువు ఒకరికి శుభంగా, ఒకరికి అశుభంగా, నాకు మాత్రం చెమటతో మొదలైంది.

ఆ సాయంత్రం అవ్వ తిట్టలేదు. తిడితే బాగుండేది. సరి, చేరితివి, ఇక ఒక్క పేపరు పోయినా తిరిగొచ్చి కోవిల్‌పట్టి బడిలో చేరాలి, కాలేజీ మాట మళ్ళీ ఎత్తకూడదు అని కట్టుబాటు పెట్టింది. నాయన సరేనన్నాడు. నేనూ తల ఎగరేసి సరేనన్నాను. పేపరు పోతే ఇంకొక్కసారి రాయనిస్తామని కాలేజీ వాళ్ళు చెప్పారు. కాలేజీకి ఉన్న దయ మా అవ్వకు లేదు.

ఆ కాలేజీ బతుకు ఎలా ఉండేదో చెబితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, నవ్వూ వస్తుంది. గోడకు ఇవతల బడి రూలు. యూనిఫారం, దాని మీద కోటు, రెండు జడలు పైకి మడిచి రిబ్బన్లు. గోడకు అవతల కాలేజీ అమ్మాయిలు జుట్టు విరబోసుకుని, రంగురంగుల చుడీదార్లలో. మేము ఆ రిబ్బన్లతోనే వాళ్ళ మధ్య పోయి కూర్చోవాలి. మాకు అర టిక్కెట్లని పేరు పెట్టారు. అర టిక్కెట్లు వచ్చాయి, దారి ఇవ్వండి అని ఒకడు కండక్టరులా అరిచేవాడు, బెంచీలన్నీ నవ్వేవి. బడి గంట ఒకప్పుడు మోగేది, కాలేజీ గంట ఇంకొకప్పుడు. ఇక్కడి పాఠం ముగియకముందే లేచి, మైదానం అడ్డంగా పరిగెత్తి, అక్కడి పాఠం మొదలైపోయాక వెళ్ళి తలుపు దగ్గర నిలబడేవాళ్ళం. లైబ్రరీలో పుస్తకం అడిగితే మీరు బడి పిల్లలు, ఇవ్వకూడదు అనేవారు. బడిలో ఆటల పోటీకి పేరిస్తే మీరు కాలేజీకి పోతున్నారుగా, మీకెందుకు అనేవారు. రెంటికీ చెడ్డ రేవడి బతుకు.

నాకు అక్కడ ఒక స్నేహితురాలు దొరికింది. తిరుత్తంగల్ నుంచి వచ్చేది, తమిళ పిల్ల, నాలాగే అర టిక్కెట్టు. వాళ్ళ నాన్న రోజుకొక తాళు, అంటే కాగితం, చింపే గోడ క్యాలెండర్లు అచ్చేసే ప్రెస్సులో పనిచేసేవాడు. మా అవ్వ సంగతి చెబితే అది పడీపడీ నవ్వింది. మీ అవ్వ చూసే మంచి గడియలన్నీ మా ఇంటి అటక మీద కట్టలు కట్టి ఉన్నాయి, ఎలుకలు కొరుకుతున్నాయి అంది. అచ్చు తప్పిపోయిన తాళ్ళలో వాళ్ళమ్మ టిఫిను మూట కట్టి పంపేది. మేము రాహుకాలం మీద ఇడ్లీ పెట్టుకుని తినేవాళ్ళం.

అయితే దాని తల్లి మాత్రం మా అవ్వకు తక్కువ తిన్నదేమీ కాదు, కాకపోతే వ్యతిరేక దిక్కు. నేను అమావాస్య నాడు చేరానని తెలిసి, ఇంకేం, ఈ పిల్లకు తిరుగులేదు అని తేల్చేసింది. యూనిట్ టెస్టులో నాకు మంచి మార్కులొస్తే, చూశావా, అమావాస్య మహిమ అని కబురు పంపింది. రాత్రంతా కూర్చుని చదివింది నేను, పేరు కొట్టేసింది అమావాస్య.

ఇంట్లో రెండో వైపు. సాత్తూరు దగ్గర బస్సు ఆగిపోయి నేను ఆలస్యంగా వస్తే అవ్వ "అమాస" అనేది. అంతే, ఒక్క మాట. ల్యాబులో పరీక్షనాళిక పగిలి వేలు తెగితే "అమాస". నాకు జ్వరం వచ్చి వారం మంచం పట్టినప్పుడు పసుపు వేసి కాచిన పాలు నోటికందిస్తూ, తల నిమురుతూ, ఎంతో ప్రేమగా "అమాస" అంది. చెవిలో జోరీగ నయం, దాన్ని తోలవచ్చు.

ఇంతకీ నన్ను ముంచింది జ్వరం కాదు, బస్సు కాదు. లెక్కలు. బడి లెక్కలు కాదు, గోడ అవతలి లెక్కలు. కాలేజీ లెక్కల మేడమ్ సన్నగా, పొడుగ్గా ఉండేది. బోర్డు ఈ చివర మొదలుపెట్టి ఆ చివర దాకా రాసుకుంటూ పోయి, తుడిచేసి, మళ్ళీ మొదలుపెట్టేది. ఏదో ఒకటి సున్నా దగ్గరికి పోతూ ఉంటుంది, ఎప్పటికీ సున్నా కాదు, కాని జవాబు మాత్రం వస్తుంది. ఎలా వస్తుందో నాకు తలకెక్కలేదు. ఏదైనా సందేహమా అని మేడమ్ అడిగినప్పుడల్లా నా చెయ్యి బెంచీ కిందే ఉండిపోయింది. అర టిక్కెట్టు అడిగింది చూడరా అని వెనక నుంచి నవ్వుతారని సిగ్గు. తెలిసినట్టు తలాడించి రాసుకున్నాను. అలా కొన్ని వారాలు తలాడించాను. ఈలోగా మా ఊళ్ళో వాన పడి నేల పదునెక్కింది. అదను చూసి పొదలో చల్లినా పండుతుందంటారు, ఆ అదనులో మా ఇంట్లో ఎవరూ ఖాళీగా ఉండరు. నేనూ సెలవు పెట్టి విత్తనాలకు పోయాను. నిజం చెప్పాలంటే సంతోషంగా పోయాను. విత్తనం వేయడం నాకు వచ్చు, అక్కడ ఎవరూ నవ్వరు.

ఫలితాలు తెలిసిన రోజు మినుములు ఇంటికొచ్చి ఉన్నాయి. అవ్వ వాకిట్లో చేటతో చెరుగుతోంది, నాయన గోనెసంచి మూతి పట్టుకుని ఉన్నాడు. నేను ఫోను చూసి, మిగతావన్నీ పాసు, లెక్కలు పోయింది అని చెప్పాను.

రాద్ధాంతం జరుగుతుందనుకున్నాను. జరగలేదు. అవ్వ చేట కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, నన్ను దగ్గరికి లాక్కుంది.

"నీ తప్పేమీ లేదు పాపా," అంది. "నువ్వు మంచిగానే సదివితివి. దినము సరిలేదు, అంతే. వచ్చెయ్యి ఇంటికి."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాయన కూడా, పోనీలే, నువ్వేం చేస్తావు, వేళ అట్లాంటిది అన్నాడు. మా ఇంట్లో అందరూ ఒకేసారి అంత మెత్తగా మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. నాకూ ఒక క్షణం ఆ ఒడి బాగుంది. తప్పంతా ఆకాశం మీద పెట్టి, అవ్వ ఒళ్ళో తల పెట్టుకుని, రేపటి నుంచి కోవిల్‌పట్టి బడికి పోవచ్చు. నవ్వేవాళ్ళు లేరు, పరుగులు లేవు, ఎవరూ నన్ను ఒక్క మాట అనరు. అప్పుడు నాకు కోపం ముంచుకొచ్చింది. వాళ్ళు ఆ క్షమించడంతోనే నా సీటు లాగేసుకుంటున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను అమావాస్యను అడ్డం పెట్టుకుంటే, ఇక జన్మలో నాకు లెక్కలు రావు.

అవ్వ చేతులు విడిపించుకుని లేచాను.

"లెక్కలు రానిది అమాసకి కాదు అవ్వా, నాకు," అన్నాను. "తెలియనప్పుడు అడగలేదు. సిగ్గుపడితి. ఆ తప్పు నాది. నా తప్పుని నేను దినానికి ఇయ్యను."

అవ్వ నోరు తెరిచింది. నేను ఆగలేదు, నాయన వైపు తిరిగాను.

"పోయిన ఏడు పంచాంగము చూసి, మంచి గడియలో గదా మొక్కజొన్న ఏస్తివి నాయనా. పురుగు తినేసె. పురుగు దినము చూసి తినిందా? దినము సరిలేదని చేను ఇడిచిపెడితివా? ఈ ఏడు మళ్ళా ఏయలేదా?"

నాయన గోనెసంచి వదిలేశాడు. మినుములు కొన్ని వాకిట్లోకి జారాయి. ఆయన వాటిని ఎత్తడానికి వంగి, చాలాసేపు వంగే ఉన్నాడు. ఆ సంవత్సరం పురుగు పడ్డ చేను ఎంత ఘోరంగా ఉండిందో నాకూ తెలుసు. మొవ్వుతో సహా ఆకులన్నీ తిని వదిలిన కాడలు. ఆ మాట తీసినందుకు కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా సరే అనుకుని నిలబడ్డాను. అవ్వ చేట తీసుకుని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది, ఎప్పటికంటే గట్టిగా.

మరునాడు పొద్దున నేను యూనిఫారం వేసుకుని బయటికి వచ్చేసరికి నాయన బండి మీద కూర్చుని ఉన్నాడు. బస్సుకు వేళయింది అన్నాడు. కోవిల్‌పట్టి చేరాక, నేను బస్సు మెట్టు ఎక్కుతుండగా, ఒక వేలు చూపించాడు. ఇంకొక్కసారి అని. కాలేజీ లెక్క, ఇంటి లెక్క చివరికి ఒకటయ్యాయి. ఈసారి పోతే రెండు చోట్లా పోయినట్టే.

ఆ వారమే నేను లెక్కల క్లాసులో ముందు బెంచీకి మారాను. మేడమ్ అడగకముందే చెయ్యెత్తాను. ఎందుకు సున్నా కాదు, కానప్పుడు జవాబు ఎలా వస్తుంది అని అడిగాను. వెనక నవ్వారు. అర టిక్కెట్టుకు ఫుల్ సందేహం అన్నాడు కండక్టరు కుర్రాడు. ఒళ్ళంతా వేడెక్కింది, అయినా చెయ్యి దించలేదు. మేడమ్ నన్ను మెచ్చుకోలేదు. ఇన్నాళ్ళూ ఏం చేశావు అని అందరి ముందే కడిగింది. తలాడించాను మేడమ్ అన్నాను. ఆమె బోర్డు మొత్తం తుడిచి, మొదటి నుంచి చెప్పింది. దగ్గరికి రావడం వేరు, చేరడం వేరు అంది. ఎంత దగ్గరైనా రావచ్చు, అడుగు మాత్రం పెట్టదు. నాకు గేటు బయట బల్ల మీద టీ తాగుతున్న నాయన కళ్ళ ముందు మెదిలాడు. అంతే, అంతవరకూ తలకెక్కనిది ఆ ఒక్క బొమ్మతో ఎక్కేసింది. పకపకా నవ్వాను. ఎందుకు నవ్వుతున్నావని మేడమ్ గద్దించింది. చెబితే నమ్మదని ఊరుకున్నాను.

అప్పటి నుంచి ప్రతి క్లాసులో అడిగాను. తెలిసినదాన్ని కూడా ఒక్కోసారి సరిచూసుకోవడానికి అడిగాను. నెల తిరిగేసరికి వెనక నవ్వులు తగ్గాయి. వాళ్ళకూ తెలియదని, నేను అడిగినప్పుడు వాళ్ళూ గుట్టుగా రాసుకుంటున్నారని ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే తెలిసింది. కండక్టరు కుర్రాడు ఒకనాడు మెట్ల దగ్గర ఆపి, రేపు ఆ నాలుగో లెక్క కూడా అడుగు అని మెల్లగా చెప్పాడు. నువ్వే అడుగు, నోరు లేదా అన్నాను. బస్సులో నిలబడి, కమ్మీకి మోచెయ్యి తగిలించి లెక్కలు చేశాను. చేసిన కాగితాలు అవ్వ పొయ్యి అంటించడానికి వాడుకుంది.

లెక్కలు పాసయ్యాను. ఏదో గట్టెక్కడం కాదు, మా క్లాసులో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే కొద్దిమందిలో ఒకదాన్నిగా పాసయ్యాను. మార్కులు చూసి మేడమ్, ఇది మొదటే చేసి ఉండొచ్చుగా అని ఊరుకుంది. నాకు ఆ మాటే చాలనిపించింది, ఎందుకంటే అందులో చంద్రుడు లేడు.

నా సంతోషం సాయంత్రం దాకా నిలవలేదు. స్నేహితురాలి తల్లి ఆ రోజు శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా డబ్బా పట్టుకుని కాలేజీకే వచ్చేసింది. నా నోట్లో పెడుతూ, నేను చెప్పలేదా, నిండు అమావాస్య చెయ్యి వదలదని, కొంచెం ఆలస్యం చేస్తుంది, అంతే అంది. పాలకోవా నోట్లో ఉంది, మింగలేను, ఉమ్మలేను. మింగి, మరి మొదటిసారి ఫెయిల్ చేసింది కూడా అమావాస్యేనా ఆంటీ అని అడిగాను. అది నీ చదువు లోపం అమ్మా అంది ఆమె, ఏ మాత్రం తడుముకోకుండా. ఇంటికి పోతే అవ్వ, అంత చెడ్డ దినంలో చేరి కూడా పాసయ్యావంటే మన కులదేవత కాపాడింది అని దీపం పెట్టింది. ఫెయిలైతే అమావాస్య, పాసైతే దేవత. అక్కడ పాసైతే అమావాస్య, ఫెయిలైతే నేను. ఎటు చూసినా నాకు నా చదువులో జానెడు చోటు లేదు. ఆ రాత్రి కోపంతో అన్నం ఎక్కువ తిన్నాను.

ఆ తరువాత పేపరు ఏదీ పోలేదు. ప్లస్ టూ అయింది, గోడ అవతలి మొదటి సంవత్సరమూ అయింది. ఇక రిబ్బన్లు విప్పి, డిగ్రీ రెండో సంవత్సరంలో పూర్తిగా చేరడమే మిగిలింది. ఈసారి కాలేజీ వాళ్ళు రెండు వారాలు గడువిచ్చారు. అవ్వ వారం ముందే రోజు తేల్చేసింది. పంచమి, గురువారం, వంక పెట్టడానికి లేదు. తిరుత్తంగల్ నుంచి ఫోను, మేము అమావాస్యకే పోతున్నాం, నువ్వూ రా, నీకు కలిసొచ్చిన రోజు అని. నేను గోడ క్యాలెండరు తీసి ముందు పెట్టుకుని తాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి చూశాను. వెతికింది దొరికింది. అష్టమి. తెలుగు వాళ్ళకూ చెడ్డదే, తమిళులకూ చెడ్డదే. ఆ రోజు ఏ పనీ మొదలుపెట్టని వాళ్ళే రెండు వైపులా.

"అష్టమినాడు పోతాను," అని ఇంట్లో చెప్పాను.

అవ్వ నన్ను చూసి, నాయనను చూసి, దీనికి గాలి సోకిందేమో అడుగు అంది. అష్టమినాడు మన ఊళ్ళో మేకను కూడా కొనరు అంది. గాలీ లేదు, ధూళీ లేదు అవ్వా, అమాసనాడు చేరినందుకు రెండేళ్ళు విన్నాను, పంచమినాడు చేరితే ఇంకో రెండేళ్ళు పంచమి పాట వినాలి, నాకు వద్దు అన్నాను. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఇది అని అవ్వ గొణిగింది. ఎవరి మనవరాలిని మరి అన్నాను. ఆమెకు నవ్వొచ్చింది, దాచుకోవడానికి అటు తిరిగింది. అష్టమి నాటి పొద్దున గుమ్మంలో మాత్రం కూర్చోలేదు. వెనక పెరట్లో ఏదో పని కల్పించుకుంది.

కాలేజీ ఆఫీసు ఖాళీగా ఉంది. క్యూ లేదు, పూలు లేవు, విభూతి లేదు. ఫ్యాను తిరుగుతోంది, కిటికీ వెనక మనిషి పేపరు చదువుకుంటున్నాడు. ఈ రోజా, ఈ రోజు ఎవరూ రారే అని అతను ఆశ్చర్యపోయాడు. నేను కాగితాలు ముందుకు తోశాను. తండ్రి సంతకం కావాలన్నాడు. నేను అలవాటుగా కాగితం అందుకుని గేటు వైపు తిరిగాను, టీ అంగడికి పరిగెత్తడానికి. నాయన నా వెనకే నిలబడి ఉన్నాడు. గేటు ఎప్పుడు దాటాడో నేను చూడలేదు. నుదుట చెమట పట్టి ఉంది. పెన్ను అడిగి తీసుకుని, కిటికీ అరుగు మీద కాగితం పెట్టి, మెల్లగా, తమిళంలో, పేరు పూర్తిగా రాశాడు.

బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి ఆయన ఇటు కూర్చున్నాడు. కాసేపటికి గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు ఫెయిలైతే ఎవురి మీద పెట్టేది?"

"నా మీదనే."

"పాసైతే?"

"అదీ నా మీదనే నాయనా."

సాత్తూరులో బస్సు ఆగినప్పుడు సేవు, అంటే కారప్పూస, అమ్మేవాళ్ళు కిటికీల దగ్గరికి వచ్చారు. పక్కనే మిఠాయిలు ఉన్నవాడూ వచ్చాడు. నాయన ఇద్దరినీ చూసి, కారసేవు పొట్లం ఒకటి కొని నా ఒళ్ళో పెట్టాడు.

"తీపి కొనేదానికి దినము సరిలేదు," అన్నాడు. "కారము తిను."

కోవిల్‌పట్టి వచ్చేలోపల పొట్లం సగం ఖాళీ చేశాను. మిగతా సగం అవ్వకు దాచాను.